దానానికి దస్తావేజు



బలి చక్రవర్తి కథలో నాకు మొదటినుంచీ జాలి వేసేది శుక్రాచార్యుడి మీద. వచ్చినవాడు ఎవరో ఆయన గుర్తుపట్టాడు. అడిగింది మూడడుగులే అయినా పోయేది మూడు లోకాలూ అని ముందే చెప్పాడు. ఉన్నదంతా ఇచ్చేస్తే రేపు ఎట్లా బతుకుతావని అడిగాడు. శిష్యుడు వినకపోతే కమండలం కొమ్ముకు అడ్డంపడి దర్భపుల్లతో కన్ను పోగొట్టుకున్నాడు. అప్పట్నుంచీ హరికథల్లో, సినిమాల్లో, పద్యాలు అప్పజెప్పే పిల్లల నోళ్లలో ఆయన పేరు లోభానికి పర్యాయంగా స్థిరపడిపోయింది. నిదానంగా చూస్తే ఆయన చేసింది ఆడిటరు పని. ఎంత ఇస్తున్నావు, ఎవరికి ఇస్తున్నావు, ఇచ్చాక నీకేం మిగులుతుంది అని మూడు ప్రశ్నలు వేశాడు. అందులో ఒక్కటి కూడా తప్పు ప్రశ్న కాదు. దైవానికి ఇస్తున్నాడు కాబట్టి బలికి ఆ లెక్కలు అక్కర్లేకపోయాయి. మనుషులు మనుషులకు ఇచ్చేచోట ఆ లెక్కలు లేకపోతే ఏమవుతుందన్నది ఈ పూట నా విషయం. ఒకరకంగా శుక్రాచార్యుడి తరఫున వకాల్తా.

ఈ ఉపన్యాసానికి పిలుస్తూ కమిటీ కార్యదర్శిగారు నాకు రాసిన ఉత్తరంలో ఈ ఉపన్యాస నిధి పూర్వ విద్యార్థుల ‘మునిఫిసెన్స్’ వల్ల ఏర్పడిందని రాశారు. ఇంగ్లీషులో దానానికి చాలా మాటలున్నా, శిలాఫలకాల మీదికి, స్నాతకోత్సవ ప్రసంగాల్లోకి ఎక్కే మాట ఇదే. దీని మూలం లాటిన్‌లోని మ్యూనస్. రోమన్లకు మ్యూనస్ అంటే కానుక. పదవి అన్నా, పదవితో నెత్తిన పడే బాధ్యత అన్నా కూడా అదే మాట. ఊరి పెద్ద సొంత ఖర్చుతో జనానికి చూపించే గ్లాడియేటర్ల పోటీలనూ అలాగే పిలిచేవారు. ఆ వేరు నుంచే మున్సిపాలిటీ వచ్చింది. ఆ బాధ్యతల నుంచి మినహాయింపు పొందడం ఇమ్యూనిటీ అయింది. కరోనా రోజుల్లో మనమంతా కషాయాలు కాచుకుని తాగింది దానికోసమే. మన సినిమావాళ్ల రెమ్యూనరేషన్‌దీ అదే కుటుంబం. అంటే ఇవ్వడమూ, ఇవ్వక తప్పని స్థితీ పుట్టుకలోనే కలిసి ఉన్న మాట ఇది. పది రూపాయలున్నవాడు ఐదు ఇస్తే ఇంగ్లీషువాడు ఈ మాట వాడడు. పెద్ద చేయి, పెద్ద మొత్తం ఉండాలి. అరిస్టాటిల్ కూడా ఈ తేడా పాటించాడు. ఉదారత ఎవరికైనా ఉండొచ్చు గానీ, హుందాగా భారీగా ఖర్చుపెట్టే గుణం పేదవాడికి కుదరదన్నాడు. అక్కడితో ఆగకుండా, స్నేహితుల విందుకు పెళ్లి భోజనాల హంగు చేసేవాణ్ణి మొరటువాడి కింద జమకట్టాడు. మన ఫంక్షన్ హాళ్లు చూస్తే ఆయన ఏమనేవాడో మీ ఊహకే వదిలేస్తాను.

మాట సంగతి ఇంత చాలు. దాని వెనక ఉన్న పనిని బాగా ఎరిగిన రోమన్ ఒకాయన ఉన్నాడు. పేరు ప్లినీ, మనం చిన్న ప్లినీ అంటాం. క్రీ.శ. మొదటి శతాబ్దం చివర, రెండో శతాబ్దం మొదట్లో వకీలుగా, అధికారిగా బతికినవాడు. ఇటలీ ఉత్తరాన సరస్సు ఒడ్డున ఉన్న కోముమ్ ఆయన సొంత ఊరు. ఇప్పుడు దాన్ని కోమో అంటారు. ఒకసారి ఊరికి వెళ్లినప్పుడు ఒక కుర్రాడు తండ్రితో కలిసి పలకరించడానికి వచ్చాడు. చదువుతున్నావా అని అడిగితే చదువుతున్నానన్నాడు. ఎక్కడ అంటే మెడియోలానుమ్‌లో అన్నాడు, అంటే నేటి మిలాన్. ఇక్కడే ఎందుకు చదవవు అంటే తండ్రి అందుకుని, ఇక్కడ పంతుళ్లు లేరండీ అన్నాడు. ప్లినీ అక్కడ చేరిన తండ్రులందరినీ కూర్చోబెట్టాడు. పిల్లల బసకీ ప్రయాణాలకీ మీరు పెడుతున్న ఖర్చు కలిపితే ఇక్కడే పంతుళ్లను పెట్టుకోవచ్చు, జీతాలకు మీరు ఎంత పోగుచేస్తే అందులో మూడోవంతు నేను కలుపుతాను అన్నాడు.

మొత్తం ఇవ్వగలిగిన మనిషి మూడోవంతే ఇస్తానన్నాడు. కారణం కూడా తన స్నేహితుడు టాసిటస్‌కు రాసిన ఉత్తరంలో దాచకుండా చెప్పాడు. జీతాలు ఊరి సొమ్ములోంచి పోయేచోట పంతుళ్ల ఎంపికలో సిఫార్సులు నడవడం ఆయన చూశాడు. తండ్రుల జేబులోంచి కూడా డబ్బు పోతుంటే మంచి పంతులు ఎవరో వాళ్లే వెతుకుతారు. పరాయి సొమ్ము పట్ల అశ్రద్ధగా ఉండేవాళ్లు సొంత సొమ్ము దగ్గర జాగ్రత్తగా ఉంటారని ఆయన నమ్మకం. అత్త సొమ్ము అల్లుడు దానం చేసే లోకం అక్కడా ఉండేదన్నమాట.

ఇదే మనిషి ఊళ్లో పిల్లల పోషణకు ఐదు లక్షల సెస్టర్సులు ఇస్తానని మాటిచ్చాడు. ఇచ్చిన తీరే చూడాలి. రొక్కంగా ఇస్తే ఖర్చయిపోతుంది. భూమిగా ఇస్తే, ఊరుమ్మడి భూమి కదా, ఎవరూ సరిగ్గా దున్నరు. అందుకని అంతకంటే ఎక్కువ విలువచేసే తన పొలాన్ని ఊరి ప్రతినిధి పేర రాసిచ్చాడు. రాసిచ్చి, ఏటా ముప్ఫై వేలు శిస్తు కట్టే షరతు మీద అదే పొలాన్ని తిరిగి తీసుకున్నాడు. అసలు మీద నూటికి ఆరు. పొలం మీద వచ్చేది శిస్తుకన్నా బాగా ఎక్కువ కాబట్టి దాన్ని సాగుచేసే యజమాని ఎప్పుడూ ఒకడు దొరుకుతాడు, పిల్లలకు ఏటేటా కూడు అందుతుంది. శిస్తు భారం పడ్డ పొలానికి అమ్మకం ధర తగ్గుతుంది. ఆ నష్టం కూడా తన దానంలో భాగమేనని ఆయన లెక్కలో రాసుకున్నాడు. ఐదు లక్షలు ఇచ్చాడన్నది అంత పెద్ద విషయంగా నాకు కనపడదు, అప్పట్లో అంతకు మించి ఇచ్చినవాళ్లున్నారు. తాను పోయిన తర్వాతి సంవత్సరాన్ని ఊహించుకుని కూర్చుని కాగితం రాశాడు చూడండి, అది పెద్ద విషయం.

ఈ తెలివి రోమ్‌తో ఆగిపోలేదు. ద్రాక్షారామం గుడికి వెళ్లినప్పుడు దర్శనం అయ్యాక హడావిడిగా బయటికి రాకుండా రాళ్ల మీది రాతలు చూడండి. అఖండదీపానికి దానాలు వరసగా కనిపిస్తాయి. దీపం వెలగాలంటే నెయ్యి కావాలి. దాత నెయ్యి ఇవ్వడు, నెయ్యికి డబ్బూ ఇవ్వడు. మందను ఇస్తాడు, గొర్రెలో ఆవులో. ఆ మందను ఒక కాపరికి అప్పగిస్తారు. రోజుకు ఇంత నెయ్యి చొప్పున గుడికి కొలవాల్సిన బాధ్యత అతనిది, అతని తర్వాత అతని కొడుకులది, మనవలది. తమిళ శాసనాల్లో ఈ గొర్రెలకు ఒక పేరే ఉంది. చావని, ముసలివి కాని గొర్రెలు అంటారు. ఒక దీపానికి తొంభయ్యో తొంభై ఆరో ఇచ్చేవారు. గొర్రె చావకుండా ఎట్లా ఉంటుందంటే, చచ్చిన దాని చోట పుట్టిన పిల్లను చేర్చి లెక్క తగ్గకుండా చూసుకోవాలి, అదీ షరతు. ఈనాటి భాషలో చెప్పాలంటే అసలు ముట్టుకోకుండా రాబడితో నడిపే నిధి. పైగా ధరలు పెరిగినా చెక్కుచెదరని నిధి. నెయ్యి ధర ఎంతయినా గొర్రె ఇచ్చే పాలు అవే కదా. చివర్న శాపం కూడా చెక్కేవారు. దానమిచ్చిన భూమిని లాక్కున్నవాడు అరవై వేల ఏళ్లు పురుగై పడి ఉంటాడని. కోర్టులు దూరంగా, ఖరీదుగా ఉన్న కాలంలో రాయించుకోగలిగిన పెనాల్టీ క్లాజు అది.

ఇక్కడ ఒక చిత్రమైన దానం గురించి చెప్పాలి. మన దేశం నుంచి ఇంగ్లండుకు వెళ్లిన దానం. ఎడ్వర్డ్ రీడ్ అని ఒక తెల్లదొర వాయవ్య రాష్ట్రాల్లో పెద్ద అధికారిగా పనిచేశాడు. ఆయనది ఆక్స్‌ఫర్డ్‌షైర్‌లోని ఇప్స్‌డెన్. కాశీ మహారాజు ఈశ్వరీ ప్రసాద్ నారాయణ్ సింగ్‌కు స్నేహితుడు. మాటల్లో తన ఊరి చుట్టుపక్కల నీటి కరువు గురించి చెప్పాడు. సుద్దనేల కొండలు, వేసవిలో గుంటలు ఎండిపోతాయి, ఇంట్లో ఉన్న చివరి నీళ్లు తాగేశాడని ఒక పిల్లాణ్ణి తల్లి కొట్టడం తాను చూశానన్నాడు. రాజుగారు ఆ మాట మనసులో పెట్టుకున్నారు. రీడ్ 1831లో ఆజంగఢ్ ప్రాంతంలో ఊరివాళ్లకు బావి తవ్వించిన సంగతి కూడా ఆయనకు గుర్తుంది. రీడ్ ఊరి చుట్టుపక్కలే ఉన్న స్టోక్ రో అనే పల్లెలో బావి తవ్వించడానికి డబ్బిచ్చారు. 1863లో పని మొదలైంది. నాలుగడుగుల వెడల్పు, 368 అడుగుల లోతు, అంతా చేత్తో తవ్విందే. చార్మినార్ మీద ఇంకో చార్మినార్ పెట్టి దింపినా పట్టేంత లోతు. నాలుగడుగుల గుంటలో, దీపం వెలుగులో, మట్టి బకెట్లకెత్తుకుంటూ దిగిన మనుషుల్ని తలుచుకుంటే ఒళ్లు జలదరిస్తుంది. 1864 మే 24న, విక్టోరియా రాణి పుట్టినరోజున, బావిని ఊరికి అప్పగించారు. పైన గుమ్మటం కట్టారు, తోడే యంత్రం మీద తర్వాత ఒక ఏనుగు బొమ్మను కూడా నిలబెట్టారు.

ఇంతవరకూ ఏ రాజైనా చేసేదే. మెచ్చుకోవాల్సింది దీని పక్కన ఉంది. బావితో పాటు కొంత నేల కొని అందులో చెర్రీ తోట వేయించారు. ఆ పళ్లు అమ్మిన డబ్బు బావి బాగోగులకు. బావిని చూసుకునే మనిషికి పక్కనే చిన్న ఇల్లు. నీళ్లకు పైసా తీసుకోకూడదు. అంటే తాడు తెగితే కొత్త తాడు ఎవరు కొంటారన్న ప్రశ్నకు జవాబు ముందే నాటి ఉంచారు. కాశీలో కూర్చున్న రాజుకు ఇంగ్లండు పల్లెలో బకెట్ల సంగతి ఎందుకు తట్టిందో ఎవరైనా ఆలోచించారా? మన సత్రాలకు మాన్యాలు రాసే అలవాటులోంచే అది వచ్చిందని నా అభిప్రాయం. సత్రం కట్టడం సగం పనే, దాని కింద పొలం రాసేదాకా పని పూర్తి కాదు అనేది ఇక్కడ పల్లెటూరి కరణానికి కూడా తెలిసిన విషయం. ఆ బావి ఇప్పటికీ ఉంది. దాదాపు అదే రోజుల్లో మన విజయనగరం మహారాజు లండన్ హైడ్ పార్కులో మంచినీళ్ల ఫౌంటెన్ ఒకటి కట్టించి ఇచ్చారు, 1867 నాటి మాట. 1964లో దాన్ని తొలగించారు.

షరతుల దానానికి ఆధునిక కాలంలో పేరుమోసినవాడు ఆండ్రూ కార్నెగీ. స్కాట్లండులో నేతపనివాడి కొడుకు, 1835లో పుట్టాడు, అమెరికా వెళ్లి ఉక్కులో కోట్లు గడించాడు. అక్కడ కుర్రాడిగా టెలిగ్రాములు మోసే రోజుల్లో తానున్న ఊళ్లో కర్నల్ ఆండర్సన్ అనే పెద్దమనిషి తన పుస్తకాలను పనిచేసుకునే కుర్రాళ్లకు వారం వారం ఎరువిచ్చేవాడు. తర్వాత అది గ్రంథాలయంగా మారాక చేతిపని నేర్చుకునే కుర్రాళ్లకే ఉచితం, మిగతావాళ్లు చందా కట్టాలి అన్నారు. టెలిగ్రాం కుర్రాళ్లం మేమూ పనిచేసేవాళ్లమే కదా అని కార్నెగీ పత్రికకు ఉత్తరం రాసి ఆ నిబంధన మార్పించాడు. దానం వెనక ఉండే షరతు ఒక మనిషిని ఎలా బయట నిలబెట్టగలదో ఆయనకు చిన్నప్పుడే అనుభవం.

పెద్దయ్యాక ప్రపంచంలో 2,500కి పైగా గ్రంథాలయ భవనాలకు డబ్బిచ్చాడు. ఆయన పద్ధతి చాలామందికి కటువుగా అనిపించింది. భవనం ఖర్చు మాత్రమే ఇస్తాడు. స్థలం ఊరు ఇవ్వాలి. ఇచ్చిన మొత్తంలో పదో వంతు ఏటా పన్నుల్లోంచి నిర్వహణకు పెడతామని ఊరి పాలకవర్గం తీర్మానం చేసి పంపాలి. మనిషికి సుమారు రెండు డాలర్ల చొప్పున లెక్క, పదివేల జనాభా ఉంటే ఇరవై వేల డాలర్లు, ఏటా రెండు వేలు పన్ను. పుస్తకాలు కూడా ఆయన ఇవ్వడు. కొన్ని ఊళ్లు ఈ భారం మాకొద్దని తిప్పిపంపాయి. ఇంకొందరు మరో కారణానికి వద్దన్నారు. 1892లో ఆయనదే అయిన హోమ్‌స్టెడ్ ఉక్కు కర్మాగారంలో సమ్మె జరిగితే, ఆయన స్కాట్లండులో ఉండగా మేనేజర్ ఫ్రిక్ ప్రైవేటు గార్డులను దింపి కాల్పులదాకా తెచ్చాడు, మనుషులు చచ్చిపోయారు. ఆ పక్కనే 1898లో కార్నెగీ గ్రంథాలయం లేచింది. పన్నెండు గంటలు కొలిమి ముందు నిలబడి వచ్చినవాడు ఏ పూట పుస్తకం పట్టుకుంటాడు, ఆ డబ్బేదో కూలిలో కలిపితే పోయేది కదా అని కార్మికులు అడిగారు. ఈ ప్రశ్నకు కార్నెగీ రాతల్లో నాకు సరైన జవాబు దొరకలేదు. సంపద మీద ఆయన 1889లో రాసిన వ్యాసం ఇచ్చే విధానం గురించి బోలెడు చెబుతుంది, సంపాదించిన విధానం గురించి తక్కువ చెబుతుంది. దాత పెట్టే షరతులను మెచ్చుకునే నాలాంటివాడు ఇది కూడా చెప్పి తీరాలి.

అయినా పదో వంతు షరతును మాత్రం నేను వదులుకోను. అది దాతను బతికించడానికి పెట్టింది కాదు, గ్రంథాలయాన్ని బతికించడానికి పెట్టింది. ఊరు పన్ను కడుతుంది కాబట్టి గ్రంథాలయం ఊరిది అవుతుంది. మన దగ్గర 1948 మద్రాసు పౌర గ్రంథాలయాల చట్టంతో ఇంటిపన్నుతో పాటు గ్రంథాలయ సెస్సు వేసే పద్ధతి వచ్చింది. ఇప్పటికీ మీ ఇంటిపన్ను రసీదు తిరగేస్తే ఆ పద్దు కనిపిస్తుంది. వసూలు చేసినవాళ్లు గ్రంథాలయ సంస్థకు జమచేయకుండా బకాయి పెట్టడం మన ప్రత్యేకత. కార్నెగీ ఇంత దూరం ఊహించి ఉండడు.

షరతు ముసలిదైపోతే ఏం చేయాలి? గొర్రెలు ముసలివి కావుగానీ కోరికలు అవుతాయి. ఇంగ్లండులో 1601లో ధర్మనిధుల చట్టం వచ్చింది. ఏది ధర్మకార్యమో దాని ఉపోద్ఘాతంలో ఒక జాబితా ఉంది. ముసలివాళ్ల, పేదల పోషణ, గాయపడ్డ సైనికులు, బడులు, అనాథల చదువు, వంతెనలు, రేవులు, రోడ్ల మరమ్మతులు, పేద ఆడపిల్లల పెళ్లిళ్లు, చెరపడ్డవాళ్లను డబ్బు కట్టి విడిపించడం. ఈ చివరిదానికి డబ్బు రాసి చచ్చిపోయినవాడి నిధి, చెరపట్టేవాళ్లే లేని కాలంలో ఎవరికి చెందాలి? కోర్టులు ఒక దారి కనిపెట్టాయి. దాత కోరికకు వీలైనంత దగ్గరగా ఉన్న మరో పనికి దాన్ని మళ్లించొచ్చు. న్యాయశాస్త్రంలో దీన్ని సీ ప్రే అంటారు.

దీని ఫలం చెన్నపట్నంలో మన కళ్ల ముందే ఉంది. పచ్చయప్ప మొదలియారు దుబాసీగా పనిచేసి బాగా గడించి, ఆస్తి అంతా గుళ్ల సేవలకూ ధర్మకార్యాలకూ రాసి 1794లో చిన్న వయసులోనే పోయాడు. ఆ సొమ్ము చుట్టూ దశాబ్దాలపాటు తగాదాలు నడిచాయి. చివరికి అడ్వకేట్ జనరల్ జార్జ్ నార్టన్ పట్టుపట్టి, వీలునామా ప్రకారం గుళ్లకు పోయేది పోగా మిగిలిపోయిన సొమ్ము చదువుకు పెట్టేటట్టు చేశాడు. 1842 జనవరిలో బడి తెరిచారు. అదే తర్వాత పచ్చయప్ప కళాశాల. వీలునామా రాసేటప్పుడు పచ్చయప్ప మనసులో ఇంగ్లీషు బడి లేదు. అయినా ఇవాళ ఆయన పేరు నిలబెట్టింది అదే. అక్షరాలా రాసినట్టే జరగాలని కోర్టు మొండికేసి ఉంటే ఆ పేరు రికార్డుల్లో మాత్రమే ఉండేది. కాబట్టి శుక్రాచార్యుడి తరఫున వచ్చినా నేను ఒక పాయింటు ఒప్పుకుంటున్నాను. షరతు రాయడం ఎంత అవసరమో, దాన్ని మార్చే తలుపు ఒకటి ఉంచడమూ అంతే అవసరం.

మన ఊళ్లలోకి వద్దాం. అమెరికాలోనో, ఆస్ట్రేలియాలోనో స్థిరపడ్డ మన పిల్లలు సొంతూరికి ఏదో ఒకటి చేయాలని ఇస్తూనే ఉన్నారు. మంచి మనసుతోనే ఇస్తున్నారు. ఆర్వో ప్లాంటు పెడతారు. ప్రారంభోత్సవం రోజు రిబ్బను, ఫ్లెక్సీ, దాత తల్లిదండ్రుల ఫొటో. ఏడాది తిరిగేసరికి ఫిల్టర్లు పూడుకుపోతాయి, మెంబ్రేన్ మార్చాలి, కరెంటు బిల్లు కట్టాలి, మోటారు కాలుతుంది. పంచాయతీని అడిగితే అది ఫలానావాళ్లు పెట్టింది, వాళ్లే చూసుకోవాలి అంటుంది. దాతకు ఫోన్ చేస్తే నేను కట్టించి ఇచ్చేశాను కదా అంటాడు. ఇద్దరూ చెప్పింది నిజమే. గదికి తాళం పడుతుంది, పేరున్న బోర్డు మాత్రం రంగు చెడకుండా ఉంటుంది. దాని పక్కన చెర్రీ తోట లాంటిది ఏదీ లేదు. బిందెకు రెండు రూపాయలు పెట్టి ఆ డబ్బు విడిగా బ్యాంకులో వేసి ఫిల్టర్లకు వాడుతున్న ఊళ్లలో ప్లాంట్లు నడుస్తున్నాయి. ఉచితంగా ఇవ్వకపోతే దానం ఎలా అవుతుందని దాతలు నొచ్చుకుంటారు. ప్లినీని గుర్తు చేసుకోమని నా మనవి.

విశ్వవిద్యాలయాల్లో బంగారు పతకాలది ఇంకో కథ. ఎప్పుడో ఎవరో ఐదు వేలు కట్టి తండ్రి పేర స్వర్ణపతకం పెట్టించారు. అప్పట్లో ఆ వడ్డీతో నిజంగానే బంగారం వచ్చేది. ఇప్పుడు నూటికి ఏడు చొప్పున ఏడాదికి మూడొందల యాభై వస్తుంది. ఇవాళ్టి ధరకు ఆ డబ్బుతో ముక్కుపుడక కూడా రాదు. దాంతో పూత పతకాలు వచ్చాయి. పిల్లలు ఇంటికెళ్లి గీకి చూసుకుంటున్నారని కాదు గానీ, ఆ దాతకు గొర్రెల మంద ఉపాయం తట్టి ఉంటే బాగుండేదనిపిస్తుంది.

కంపెనీల చట్టం ఇంకో దారి పట్టింది. 2013 చట్టం నూట ముప్ఫై ఐదో సెక్షను ప్రకారం ఒక స్థాయి దాటిన కంపెనీలు గత మూడేళ్ల సగటు నికర లాభంలో రెండు శాతం సామాజిక బాధ్యత కింద ఖర్చుపెట్టాలి. 2014 ఏప్రిల్ నుంచి అమల్లో ఉంది. సీఎస్సార్ నిధులు అంటే ఇప్పుడు పల్లెటూరి సర్పంచికి కూడా తెలుసు. చట్టం బలవంతంగా ఇప్పించింది దానం ఎలా అవుతుందని కొందరు అడుగుతారు. రోమన్లకు ఈ ప్రశ్నే అర్థం కాదు. పెద్ద పదవిలో ఉన్నవాడు ఇవ్వడం వాళ్ల దృష్టిలో మామూలు సంగతి, ఇవ్వకపోతేనే వార్త. నాకు దీంతో ఉన్న పేచీ వేరే. రెండు శాతం లెక్క ఏడాదికి ఏడాది తేలాలి. అందుకని మార్చి నెలలో హడావిడిగా కట్టగలిగినవి, ఫొటో తీయగలిగినవి ఎక్కువ కడతారు. మరుగుదొడ్డి కట్టినందుకు లెక్క వస్తుంది, దానికి ఐదేళ్లపాటు నీళ్లు ఉండేటట్టు చూసినందుకు రాదు.

ఇప్పుడు నా వాదనకు ఎదురు నిలిచే మనిషి గురించి చెప్పకుండా దాటెయ్యలేను. డొక్కా సీతమ్మగారు. 1841లో మండపేటలో పుట్టి, లంకల గన్నవరం డొక్కా జోగన్నగారి ఇల్లాలై, 1909లో పోయారు. గోదావరి పాయలు దాటి వచ్చేవాళ్లకు వేళాపాళా లేకుండా వండి పెట్టారు. ఎవరు, ఎక్కడివారు, ఏ కులం అని అడగలేదు. దస్తావేజు లేదు, మాన్యం లేదు, ధర్మకర్తలు లేరు. ఉన్న భూములు కరుగుతూ వచ్చాయి. ఒకసారి అంతర్వేది నరసింహస్వామి దర్శనానికి బయల్దేరి, దారిలో ఆకలితో ఉన్న ఒక కుటుంబం గన్నవరం చేరితే సీతమ్మగారింట అన్నం దొరుకుతుందని పిల్లల్ని ఊరడించడం విని, పల్లకీ వెనక్కి తిప్పించి వాళ్లకంటే ముందు ఇంటికి చేరారని కోనసీమలో ఇప్పటికీ చెప్పుకుంటారు. శుక్రాచార్యుడు ఆమె గడపలో నిలబడి ఉంటే ఆయనకూ ఒక విస్తరి వేసి ఉండేవారు. ఆమె తర్వాత ఆ ఇంట్లో అలా వంట నడిపించే కాగితం ఏదీ లేదు. వైనతేయ పాయ మీద అక్విడక్టుకు ఆమె పేరు పెట్టారు, బడి పిల్లల మధ్యాహ్న భోజన పథకానికీ పెట్టారు. ఆ పథకానికి బడ్జెటు ఉంది, మెనూ ఉంది, తనిఖీ ఉంది, అన్నీ నేను మెచ్చుకునే షరతులే. అర్ధరాత్రి తలుపు తట్టినవాడికి అన్నం పెట్టే షరతు మాత్రం ఏ చట్టంలోనూ రాయలేం. అక్కడ నా దగ్గర జవాబు లేదు. రెండు రకాల దానాలున్నాయని సర్దుకోవడం తేలిక గానీ, అలా సర్దుకుంటే ఆమెను పటం కట్టి గోడకు తగిలించడమే అవుతుంది.

ఇక ఈ ఉపన్యాస నిధి సంగతి. ఒక మాస్టారి దగ్గర లెక్కలు నేర్చుకున్న పూర్వ విద్యార్థులు పెట్టింది కాబట్టి లెక్కలు మాట్లాడితే తప్పులేదు. నిధి పత్రం నేను చదివాను. ఏటా ఉపన్యాసం తెలుగులో జరగాలి, శాలువాలు కప్పకూడదు, ఖర్చులు పోను మిగిలితే పదో తరగతి పిల్లలకు పుస్తకాలు కొనాలి అని ఉంది. మూడూ చక్కటి షరతులే. రెండోదానికి ప్రత్యేకంగా కృతజ్ఞుణ్ణి, ఈ ఎండాకాలంలో శాలువా కప్పుకుని ఫొటోకి నిలబడే యోగం తప్పింది. లోటల్లా ఒకటి. వడ్డీ అంతా ఖర్చు పెట్టెయ్యాలని రాశారు. వడ్డీలో కొంత ఏటా అసలులో కలపకపోతే, ఇంకో పదిహేను ఇరవై ఏళ్లకు ఈ డబ్బు హాలు అద్దెకు కూడా చాలదు. కమిటీవారు ఒక తీర్మానం చేయాలని కోరుతున్నాను. వడ్డీలో నాలుగో వంతు అసలుకు జమ. పాతికేళ్లకోసారి షరతులు తిరగరాసే అధికారం ధర్మకర్తల్లో మూడింట రెండొంతులమందికి. ఉపన్యాసాలు వినడానికి ఎవరూ రాని రోజు వస్తే, డబ్బంతా పుస్తకాలకే పోయేటట్టు ఒక వాక్యం. ముసాయిదా రాసి తెచ్చాను, కార్యదర్శిగారికి ఇస్తున్నాను. అభ్యంతరాలున్నవాళ్లు ఇప్పుడే లేవండి. టీ వచ్చేలోపు పది నిమిషాలుంది.